దేశభక్త కొండ వెంకటప్పయ్య: బాపట్ల మహాసభ, పెదనందిపాడు శిస్తు, కాకినాడ మౌలానా

తెనాలిలో చదువుకుంటున్న మా మేనల్లుడికి బళ్ళో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. "జార్జి వాషింగ్టన్ జీవితం, సాధించిన విజయాలు". చార్టు మీద బొమ్మ అతికించి, కింద చెర్రీ చెట్టు కథ రాసుకున్నాడు. చిన్నప్పుడు గొడ్డలితో చెట్టు నరికి, అబ్బాజాన్ అడిగితే నిజం ఒప్పుకున్నాడనే కథ. అది వాషింగ్టన్ పోయాక ఒక పాదరీ తన పుస్తకంలో కల్పించి రాసిందని చెబితే వాడి మొహం చిన్నబోయింది. "మరి పుట్టినరోజైనా నిజమేనా మామూ?" అన్నాడు. నిజమే, 1732 ఫిబ్రవరి 22. సరిగ్గా అదే తారీఖున, 1866లో, మన పాత గుంటూరులో ఒకాయన పుట్టాడు, పేరు తెలుసా అని అడిగాను. తెలీదన్నాడు. వాడి తప్పేం లేదు. మన ఇళ్ళలో ఆ పేరు పలికేవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

ఆయన కొండ వెంకటప్పయ్య. జనం పెట్టిన లఖబ్ "దేశభక్త".

వాషింగ్టన్‌తో పోలిక తారీఖు దగ్గరే ఆగిపోతే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. మన గుంటూరు తవారీఖుకీ అమెరికా తవారీఖుకీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. లార్డ్ కార్న్‌వాలిస్. 1781 అక్టోబర్‌లో యార్క్‌టౌన్ దగ్గర వాషింగ్టన్ ఫౌజుకు లొంగిపోయిన ఇంగ్లీషు జనరల్ ఆయనే. తబియత్ బాగాలేదని చెప్పి తను రాకుండా, కత్తి అప్పజెప్పడానికి తన కింది అధికారిని పంపాడట. అక్కడ ఓడిన ఆ పెద్దమనిషే 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. అప్పటికి మన గుంటూరు సర్కార్, అంటే పాత దస్తావేజుల్లోని ముర్తుజానగర్, నిజాం చేతిలో ఉంది. నిజాం అలీఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నన్నాళ్ళూ జాగీరుగా ఉంచుకుని, ఆయన తరవాత కంపెనీకి ఇచ్చెయ్యాలని 1768 ఒప్పందం. బసాలత్ జంగ్ 1782లో ఇంతెకాల్ అయ్యాడు. నిజాం మాత్రం ఆరేళ్ళు నానబెట్టాడు. 1788లో కార్న్‌వాలిస్ హైదరాబాద్‌కు తన మనిషిని పంపి గుంటూరును రాయించుకున్నాడు. అమెరికాలో వాళ్ళ కొత్త రాజ్యాంగం మంజూరైంది కూడా ఆ ఏడాదే. అంటే అక్కడి జనం చేతికి హుకూమత్ వస్తున్న ఏడాదిలోనే మనం కంపెనీ చేతికి వెళ్ళాం. బాపట్ల, రేపల్లె, తెనాలి ఊళ్ళ శిస్తు అప్పట్నించీ సముద్రం దాటి పోవడం మొదలైంది.

వాషింగ్టన్ గురించి రెండు ముక్కలు చెప్పి మన కథలోకి వస్తాను. జంగ్ నడిపినన్నాళ్ళూ జీతం పుచ్చుకోలేదు, ఖర్చులు మాత్రం లెక్క రాసి తీసుకున్నాడు. గెలిచిన ఫౌజు తన చేతిలో ఉండగా 1783లో పదవికి రాజీనామా చేసి పొలానికి వెళ్ళిపోయాడు. 1789 నుంచి 1797 దాకా సదర్‌గా ఉండి, మూడోసారి వద్దన్నాడు. ఆ పొలంలో పనిచేసినవాళ్ళు గులాములు అన్న సంగతి కూడా చార్టు మీద రాయాలి. స్వాతంత్ర్యం గురించి అంత మాట్లాడిన మనిషి వాళ్ళ విడుదలను తన వసీయత్‌నామా దాకా వాయిదా వేశాడు. మనకు సంబంధించిన ఒక చిన్న విషయం: 1784లో తన ఇంటికి పనివాళ్ళు కావాలని ఒక దోస్తుకు రాసిన ఖత్‌లో, పని తెలిసినవాళ్ళైతే చాలు, ముసల్మానులైనా యూదులైనా ఈసాయిలైనా ఫరక్ లేదన్నాడు. ఆ కొత్త దేశపు జహాజులకు తొలిరోజుల్లోనే తన రేవులు తెరిచిన పాలకుల్లో మొరాకో సుల్తాన్ ఒకడు.

ఇక మన ఆయన. తండ్రి కోటయ్య, తల్లి బుచ్చమ్మ. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, లా పాసై బందరులో వకీలుగా నిలబడ్డాడు. 1902లో దాసు నారాయణరావుతో కలిసి కృష్ణా పత్రిక పెట్టాడు. ముట్నూరి కృష్ణారావు గారి పేరుతో మనం ఎరిగిన పత్రిక అదే; దాని బునియాద్ మాత్రం వెంకటప్పయ్యది. 1904 అక్టోబర్ 1న గుంటూరు జిల్లా ఏర్పడింది. కొత్త జిల్లాకు కొత్త కచేరీలు, కొత్త కోర్టులు వచ్చాయి. ఆయనా సొంత ఊరికి తిరిగొచ్చి అక్కడే ప్రాక్టీసు పెట్టాడు.

బాపట్లవాళ్ళు ఫఖర్‌గా చెప్పుకోవాల్సిన విషయం ఇక్కడ ఉంది, చెప్పుకునేవాళ్ళు తక్కువ. 1911లో ఢిల్లీ దర్బారులో బెంగాల్ విభజనను రద్దు చేశారు. వెంటనే బీహారును వేరు చేశారు. బెంగాలీలకూ బీహారీలకూ దొరికింది మనకెందుకు దొరకదు అని గుంటూరు కుర్రాళ్ళు లెక్కలు తీశారు. మద్రాసు రాజధానిలో తెలుగువాళ్ళు ఎందరు, సర్కారీ నౌకరీల్లో ఎందరు, హైకోర్టులో ఎందరు అని. ఉన్నవ లక్ష్మీనారాయణ, జొన్నవిత్తుల గురునాథం లాంటివాళ్ళు ఆ పనిలో ముందున్నారు. 1912లో నిడదవోలు సభలో మాట పైకొచ్చింది. 1913 మే నెలలో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. సదర్ స్థానంలో బయ్యా నరసింహేశ్వర శర్మ. నాలుగు పక్కల్నించీ తెలుగువాళ్ళు ఒకచోట కూచుని "మాకో రాష్ట్రం" అనే మాటను బహిరంగంగా చర్చించింది అక్కడే.

ఆ సభలో రాష్ట్రం కావాలనే తీర్మానం పాస్ కాలేదు. భయపడ్డవాళ్ళు ఉన్నారు, సర్కారుకు కోపం వస్తుందన్నవాళ్ళు ఉన్నారు, సర్కారు జిల్లాలవాళ్ళు పెత్తనం చేస్తారని రాయలసీమవాళ్ళ అనుమానం ఉంది. మెజారిటీ చేతిలో ఉందని ఓటు పెట్టి గెలవలేదు. జనం దగ్గరికెళ్ళి మష్‌వరా చేద్దాం అన్నారు. ఆ పని నెత్తిన వేసుకున్నది వెంకటప్పయ్య. వకాలత్ పక్కన పెట్టి, తెలుగు జిల్లాలన్నీ తిరిగి, అనుమానం ఉన్నవాళ్ళ గుమ్మాలే ముందు తొక్కాడు. మరుసటి ఏడాది 1914లో బెజవాడలో న్యాపతి సుబ్బారావు అధ్యక్షతన జరిగిన రెండో సభలో తీర్మానం నెగ్గింది. 1917లో నెల్లూరు సభకు వెంకటప్పయ్యే అధ్యక్షుడు. 1918లో ఆంధ్రకు విడిగా కాంగ్రెస్ కమిటీ వచ్చింది. సర్కారు గీసిన సరిహద్దు పక్కన పెట్టి, జబాన్‌ను బట్టి ఒక కమిటీ ఏర్పాటైంది. నా లెక్కలో ఆంధ్ర రాష్ట్రం మొదట పుట్టింది ఆ రోజే. 1953లో సర్కారు రిజిస్టరు చేసింది, అంతే.

ఇక్కడ ఒక మాట మనవాళ్ళతో చెప్పాలి. ఆ ఉద్యమం నిలబడింది జబాన్ మీద. మజహబ్ మీద కాదు, జాత్ మీద కాదు. తెనాలి, రేపల్లె, బాపట్ల పల్లెల్లో మన నూర్‌బాషాలు, షేకులు, సయ్యదులు ఇంట్లో ఏం మాట్లాడతారు? చాలా ఇళ్ళలో తెలుగే. నమాజు అరబ్బీలో చదివి, బయటికొచ్చి బేరం తెలుగులో ఆడతాం. అందుకని బాపట్ల సభ "వాళ్ళ" సభ అని మనం అనుకుంటే మన వాటా మనమే వదులుకున్నట్టు. పైగా ఆ సభకు వచ్చినవాళ్ళ నోట్లో మాటలు చూడండి: జిల్లా, తాలూకా, ఫిర్కా, సర్కారు, కచేరీ, దరఖాస్తు, వకీలు. మన పెద్దల జబాన్ లేకుండా ఆంధ్రోద్యమం తన అర్జీ కూడా రాసుకోలేదు.

1920కి వచ్చేసరికి ఖిలాఫత్ గాలి లేచింది. టర్కీ సుల్తాన్ విషయంలో ఇంగ్లీషువాళ్ళు ఇచ్చిన మాట తప్పారని ముసల్మానుల గుండె రగిలిపోతోంది. అటు పంజాబులో జలియన్‌వాలా బాగ్. రెండు దర్దులూ ఒకటయ్యాయి. ఆ ఏడాది ఆగస్టులో గాంధీ, మౌలానా షౌకత్ అలీ కలిసి బెజవాడ వచ్చారు. మనవాళ్ళు "తర్కె మవాలాత్" అన్నది, తెలుగువాళ్ళు "సహాయ నిరాకరణ" అన్నది ఒకటే. వెంకటప్పయ్య బాగా నడుస్తున్న ప్రాక్టీసును అప్పుడు పూర్తిగా వదిలేశాడు. 1921 మార్చి చివర్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలోనే కూచుంది. ఏప్రిల్‌లో గాంధీ చీరాల వెళ్ళాడు. ఏడాదికి 4,000 రూపాయల పన్ను కట్టే చీరాల-పేరాలను మునిసిపాలిటీ చేసి 40,000 కట్టమన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద 13,000 మంది దాకా ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. అది విడిగా రాయాల్సిన కథ, ఇంకోసారి.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో మౌలానా మొహమ్మద్ అలీ జౌహర్‌ను వాల్తేరు స్టేషన్‌లో గిరఫ్తార్ చేశారు. గాంధీతో కలిసి రైల్లో మద్రాసు వెళుతున్నాడు. మన ఆంధ్ర నేల మీదనే. కరాచీలో ముఖద్దమా, రెండేళ్ళ జైలు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడు పెదనందిపాడు. అప్పట్లో అది బాపట్ల తాలూకాలో ఒక ఫిర్కా. 1921 నవంబర్‌లో ఢిల్లీలో కాంగ్రెస్ కమిటీ శాసనోల్లంఘనకు షరతులు పెట్టింది: అహింస పాటించాలి, ఖద్దరు కట్టాలి, నూలు వడకాలి, హిందూ ముస్లిం ఇత్తెహాద్ మీద నమ్మకం ఉండాలి, హిందువులైతే అంటరానితనం వదలాలి. ఈ షరతులు తీర్చిన చోట మొదలుపెట్టొచ్చు. 1922 జనవరిలో గుంటూరు జిల్లా కాంగ్రెస్ శిస్తు కట్టవద్దని ఫైసలా చేసింది. రైతులకు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకుడు. శాంతిసేన అని వాలంటీర్లను తయారుచేశాడు. మునసబులు, కరణాలు రాజీనామాలు రాసి పడేశారు. రాజీనామా అనే మాట చూడండి. అసలు అర్థం ఇద్దరూ రాజీ పడి రాసుకున్న కాగితం. ఉర్దూలో పదవి వదలడాన్ని ఇస్తీఫా అంటారు. తెలుగులోకి వచ్చేసరికి అది సర్కారుతో రాజీ పడననే కాగితం అయిపోయింది.

కిస్తీ గడువు దాటింది. వసూలు లేదు. సర్కారు జప్తు నోటీసులు అంటించింది. జప్తు చేసిన గొడ్డును వేలం వేస్తే పాడేవాడు లేడు. వచ్చిన అధికారికి బండి కట్టేవాడు లేడు, పని చేసిపెట్టేవాడు లేడు. ఫౌజును ఊళ్ళ మీదుగా కవాతు చేయించారు. రూథర్‌ఫర్డ్ అనే అధికారి దీన్ని అణచడానికి నిలబడ్డాడు. తరవాత మన్యంలో అల్లూరి సీతారామరాజు మీదికి స్పెషల్ కమిషనరుగా వెళ్ళిందీ ఈయనే. రాజీనామా చేసిన మునసబుల, కరణాల వంశపారంపర్యపు హక్కు పోతుందన్నారు, భూములు గుంజుకుంటామన్నారు. అయినా పెదనందిపాడు చెయ్యి ఎత్తలేదు, కర్ర ఎత్తలేదు. అంత సబర్ చూపించిన చోటు ఆ రోజుల్లో దేశంలో ఎన్ని ఉన్నాయి?

ఇదంతా నడుస్తుండగా రాష్ట్ర కాంగ్రెస్ పెద్దగా వెంకటప్పయ్య నెత్తి మీద ఉన్న బరువు ఊహించండి. గాంధీ బార్డోలీలో తాను స్వయంగా మొదలుపెట్టబోతున్నాడు. వేరేచోట తొందరపడొద్దని ఆయన మనసు. షరతులు నిజంగా తీరాయా, నిజంగా మీ జనం సిద్ధమేనా అని వెంకటప్పయ్యకు ఖత్‌లు రాస్తున్నాడు. ఇటు రైతులు అప్పటికే జప్తులు మోస్తున్నారు. ముందుకెళ్తే గాంధీ మాట దాటినట్టు, ఆగితే రైతు మాట దాటినట్టు. ఫిబ్రవరి మొదట్లో చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషన్ తగలబెట్టారు. ఫిబ్రవరి రెండో వారంలో ఇక్కడ శిస్తు నిరాకరణ ఆపేశారు, అక్కడ బార్డోలీలో గాంధీ మొత్తం ఉద్యమాన్నే ఆపేశాడు. గెలిచే దశలో ఉన్న రైతులతో, వెళ్ళి కట్టెయ్యండి అని చెప్పాల్సి వచ్చింది.

ఇది సరైన ఫైసలానా? చదివినప్పుడల్లా నా మనసు రెండు పక్కలకూ లాగుతుంది. వెంకటప్పయ్య పిరికివాడై ఆపలేదు, అంతవరకూ నాకు ఖచ్చితంగా తెలుసు; తరవాతా జైలుకు వెళ్ళిన మనిషి. ఒక్కడి మాట మీద దేశమంతా నడుస్తున్నప్పుడు ప్రతి జిల్లా తన లెక్క తాను చూసుకుంటే ఉద్యమం మిగలదన్నది ఆయన పక్షం. దాన్ని కాదనలేం. కానీ ఖర్చు ఎవరి ఖాతాలో పడింది? ఎక్కడో గోరఖ్‌పూర్ జిల్లాలో జరిగిన దానికి, ఒక్క రాయి విసరని పెదనందిపాడు రైతు బాకీ కట్టాడు. అలీ బ్రదర్స్ జైల్లో ఉన్నారు. ఖిలాఫత్ కోసం నౌకరీలు, చదువులు వదిలిన ముసల్మానులకు కూడా ఆ నెలలో తగిలిన దెబ్బ అదే. మమ్మల్ని నడిమధ్యలో వదిలేశారన్న షికాయత్ ఆ తరం నోటి నుంచి ఎన్నాళ్ళో పోలేదు. పెదనందిపాడు హిందూ రైతుకూ ఖిలాఫత్ ముసల్మానుకూ ఆ ఫిబ్రవరిలో ఒకే గాయం తగిలిందని మన చరిత్ర పుస్తకాలు ఒక పేజీలో రాయవు. రెండు వేరే పాఠాల్లో రాస్తాయి.

ఆ గాయం పచ్చిగా ఉండగానే 1923 డిసెంబర్‌లో కాకినాడ కాంగ్రెస్ వచ్చింది. వాల్తేరు సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఆంధ్ర నేల మీద గిరఫ్తార్ అయిన మౌలానా మొహమ్మద్ అలీ, జైలు నుంచి బయటికొచ్చిన కొద్ది నెలలకే, ఆంధ్ర నేల మీదికే కాంగ్రెస్ సదర్‌గా వచ్చాడు. ఆయన్ను ఆహ్వానించిన స్వాగత సంఘానికి అధ్యక్షుడు కొండ వెంకటప్పయ్య. ఏర్పాట్ల భారమంతా మోసినది బులుసు సాంబమూర్తి. అదే ఊళ్ళో షౌకత్ అలీ అధ్యక్షతన ఖిలాఫత్ కాన్ఫరెన్స్ కూడా జరిగింది. మౌలానా ఖుత్బా చాలా పొడుగైనది, అచ్చు వేస్తే పుస్తకమే. దేశంలో అప్పటికే ఫసాదులు మొదలయ్యాయి, ఇత్తెహాద్ బీటలు వారుతోంది. ఆ వేళలో ఒక తెలుగు బ్రాహ్మణ వకీలు, ఒక రాంపూరు మౌలానా ఒకే వేదిక మీద ఇంటివాడూ మెహమానూ అయి కూచున్నారు. మూడు నెలలకే, 1924 మార్చిలో, టర్కీవాళ్ళే ఖిలాఫత్‌ను రద్దు చేసుకున్నారు. ఏ కారణం మీద ఇద్దరూ కలిశారో ఆ కారణమే లేకుండా పోయింది. కలిసిన రోజులు మాత్రం అబద్ధం కావు.

తరవాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1930 ఉప్పు సత్యాగ్రహంలో ఆంధ్రకు ఆయన్నే సర్వాధికారిగా పెట్టారు. డిక్టేటర్ అనే మాటే వాడారు. అప్పటికి దానికి ఇంత చెడ్డపేరు రాలేదు. పెట్టిందే తడవు జైలు. 1937 నవంబర్‌లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. 1913లో బాపట్లలో రాయలసీమవాళ్ళకు ఏ అనుమానం ఉందో, దానికి ఇరవై నాలుగేళ్ళ తరవాత కాగితం మీద జవాబు రాసిచ్చారు. దస్తఖత్ చేసినవాళ్ళలో వెంకటప్పయ్య ఉన్నాడు. అప్పటికి వయసు 71. తన జీవితకథ తనే రాసి పెట్టి వెళ్ళాడు. మన లైబ్రరీల్లో దొరికితే పిల్లలచేత చదివించండి, తెలుగు తేలిగ్గానే ఉంటుంది.

వాషింగ్టన్‌కు దొరికినవేవీ ఈయనకు దొరకలేదు. సదర్ పదవి లేదు, రాజధానికి పేరు పెట్టలేదు, నోటు మీద బొమ్మ లేదు. ఫౌజు చేతిలో ఉండీ వదిలేసినవాడు వాషింగ్టన్; ఫౌజే లేకుండా జనాన్ని నిలబెట్టి, మళ్ళీ వాళ్ళను ఆపాల్సి వచ్చినవాడు ఈయన. రెండోది ఎక్కువ ముష్కిల్ అని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

1949 ఆగస్టు 15న, స్వాతంత్ర్యానికి రెండేళ్ళు నిండిన రోజునే, ఆయన కన్నుమూశాడు. రాష్ట్రం చూడలేదు. పొట్టి శ్రీరాములు ప్రాణం పోయాక 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయింది. రేపల్లె, చీరాల అందులోకి వచ్చాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. పెదనందిపాడు కూడా గుంటూరు జిల్లాలోనే మిగిలింది. ఒకప్పుడు తాను ఏ తాలూకా పేరు నిలబెట్టిందో ఆ పేరుతో వచ్చిన జిల్లాలో దానికి చోటు లేదు.